వార్డు ఓటరు జాబితాలో మీ పేరు సరైన చోటే ఉందా? నమోదు నుంచి పోలింగ్ కేంద్రం దాకా

స్థానిక ఎన్నికలు దగ్గరపడితే చాలు, ఒకటే ప్రశ్న వేర్వేరు రూపాల్లో వస్తుంటుంది. "ఓటర్ కార్డు ఉంది, అసెంబ్లీకి ఓటు వేశాను, వార్డు లిస్టులో నా పేరు లేదేంటి?", "నేను 4వ వార్డులో, మా ఆవిడ 5వ వార్డులో ఎలా వచ్చాం?", "ఎప్పుడూ వేసే బడికి వెళ్తే ఇక్కడ కాదన్నారు, మరెక్కడికి వెళ్లాలి?" అని. వీటన్నిటికీ వరుసగా ఏం చేయాలో కింద రాశాను. ప్రధానంగా తెలంగాణ పద్ధతి చెబుతున్నాను. ఆంధ్రప్రదేశ్‌లోనూ మూలసూత్రం ఇదే కాబట్టి తేడా ఉన్నచోట మాత్రం విడిగా చెప్పాను.

1. ముందుగా తెలియాల్సింది: జాబితాలు రెండు, ఆఫీసులు రెండు

ఇది అర్థమైతే సగం తిరుగుడు తప్పుతుంది.

అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకు వాడే ఓటరు జాబితా కేంద్ర ఎన్నికల సంఘానిది. దాన్ని మీ నియోజకవర్గంలో ఓటరు నమోదు అధికారి, అంటే ఈఆర్‌ఓ చూస్తారు. ఆయన కింద సహాయ నమోదు అధికారులు, వారి కింద ఇంటింటికీ వచ్చే బూత్ స్థాయి అధికారులు, అంటే బీఎల్‌ఓలు ఉంటారు. చాలా మండలాల్లో తహసీల్దారే సహాయ నమోదు అధికారి.

పంచాయతీ, పురపాలక ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. ఇది వేరే రాజ్యాంగ సంస్థ. కొత్త ఓటర్లను ఇది సొంతంగా నమోదు చేసుకోదు. ఒక తేదీ నాటికి ఉన్న అసెంబ్లీ జాబితాను తీసుకుని, ఇంటి నంబర్ల ప్రకారం వార్డులుగా విడదీయిస్తుంది. ఆ పని పల్లెల్లో పంచాయతీరాజ్ సిబ్బంది, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్ సిబ్బంది చేస్తారు.

అసెంబ్లీ జాబితా చెరువైతే వార్డు జాబితాలు దాని కింది కాలువలు. చెరువులో లేని నీరు కాలువలో దొరకదు.

కాబట్టి తప్పు ఏదన్న దాన్నిబట్టి ఎక్కడికి వెళ్లాలో తేలుతుంది:

- అసెంబ్లీ జాబితాలోనే పేరు లేకపోతే: బీఎల్‌ఓ, తహసీల్దారు ఆఫీసు, లేదా కేంద్ర ఎన్నికల సంఘం ఓటరు సేవల పోర్టల్.
- పేరు, వయసు, ఫొటో, ఇంటి నంబరు తప్పుగా ఉంటే: ఇదీ అక్కడికే.
- అసెంబ్లీ జాబితాలో ఉండి వార్డు జాబితాలో లేకపోతే, లేదా వేరే వార్డులో పడితే: పల్లెలో పంచాయతీ కార్యదర్శి, ఎంపీడీఓ ఆఫీసు. పట్టణంలో మున్సిపల్ ఆఫీసు.

వార్డు మారిందని తహసీల్దారు ఆఫీసుకు వెళ్లేవాళ్లు, పేరే లేదని పంచాయతీ ఆఫీసు దగ్గర గొడవపడేవాళ్లు ప్రతి ఎన్నికలోనూ ఉంటారు. రెండుచోట్లా "మా చేతిలో లేదు" అనే జవాబే వస్తుంది, అది అబద్ధం కూడా కాదు.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఓటర్ కార్డు, లేదా కనీసం దాని నంబరు. ఇప్పటి నంబరులో మూడు ఇంగ్లిష్ అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. పాత కార్డుల్లో గీతలతో పొడుగ్గా ఉండే నంబరుతో వెతికితే చాలాసార్లు దొరకదు. అప్పుడు పేరుతో వెతకాలి.
- ఇంటి పన్ను రసీదు. వార్డు గొడవ వస్తే దీన్ని మించిన కాగితం లేదు.
- చిరునామాకు ఒక రుజువు: ఆధార్, బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, కరెంటు బిల్లు, గ్యాస్ బిల్లు, పాస్‌పోర్టు, రిజిస్టరైన అద్దె ఒప్పందం వంటివి.
- వయసుకు ఒక రుజువు: జనన ధ్రువపత్రం, పదో తరగతి మెమో, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, ఆధార్‌లలో ఏదో ఒకటి.
- తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ఇటీవలి ఫొటో.
- అదే ఇంట్లో ఇప్పటికే ఓటున్న ఒకరి కార్డు నంబరు. దీని ఉపయోగం ఐదో మెట్టులో చెబుతాను.

3. అసెంబ్లీ జాబితాలో పేరు వెతకడం

కేంద్ర ఎన్నికల సంఘం పోర్టల్‌లో వెతికే దారులు మూడు: కార్డు నంబరుతో, వివరాలతో, నమోదైన మొబైల్ నంబరుతో. ముందు కార్డు నంబరుతో చూడండి.

దొరక్కపోతే కంగారుపడొద్దు. పేరుతో వెతికేటప్పుడు స్పెల్లింగ్ దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. జాబితాలో ఇంటిపేరు ముందుండొచ్చు, వెనకుండొచ్చు, ఒక్క అక్షరంగానో, అసలు లేకుండానో ఉండొచ్చు. లక్ష్మి ఒకచోట 'లక్ష్మీ', ఇంకోచోట 'లచ్చమ్మ' అయి ఉంటుంది. పూర్తి పేరు బదులు సొంత పేరు ఒక్కటి, తండ్రి లేదా భర్త పేరు, జిల్లా, నియోజకవర్గం ఇచ్చి చూడండి. ఫోన్ పట్టనివాళ్లు 1950కి కాల్ చేయొచ్చు, లేదా బీఎల్‌ఓ దగ్గరుండే జాబితాలో చూపించమనొచ్చు.

పేరు కనిపించాక నాలుగు వివరాలు కాగితం మీద రాసుకోండి:

- నియోజకవర్గం
- భాగం సంఖ్య, అంటే పార్ట్ నంబరు
- ఆ భాగంలో వరుస సంఖ్య
- జాబితాలో ఉన్న ఇంటి నంబరు, ఉన్నది ఉన్నట్టుగా

అక్కడ కనిపించే పోలింగ్ కేంద్రం అసెంబ్లీ ఎన్నికలది. వార్డు నంబరు అక్కడ ఉండదు. భాగం సంఖ్యనే వార్డు నంబరు అనుకుని వేరే బూత్ దగ్గర నిలబడేవాళ్లు చాలామంది.

ఇంటి నంబరు మీద ప్రత్యేకంగా కన్నేయండి. మీ గేటు మీద 3-47/2 ఉండి జాబితాలో 2-47 ఉంటే ఈరోజు మీకు పట్టదు. కానీ వార్డులు విడదీసే మనిషి చూసేది ఆ నంబరునే. 3వ వార్డులో ఉండాల్సినవాళ్లు 2వ వార్డుకు వెళ్లేది ఇలాగే.

4. మీ పనికి ఏ ఫారం?

2022 ఆగస్టు నుంచి ఫారాలు మారాయి. పాత సమాచారం చూసి 8ఏ కోసం వెతక్కండి. అది ఇప్పుడు లేదు.

- ఫారం 6: మొదటిసారి ఓటు నమోదుకు.
- ఫారం 6ఏ: భారత పౌరసత్వం ఉంచుకుని విదేశాల్లో ఉంటున్నవారికి.
- ఫారం 7: చనిపోయినవారి, ఊరు వదిలిపోయినవారి, రెండుసార్లు నమోదైనవారి పేరు తీయించడానికి.
- ఫారం 8: ఇల్లు మారినా, వివరాలు తప్పుగా ఉన్నా, కార్డు పోయినా, దివ్యాంగులుగా గుర్తింపు కావాలన్నా ఇదొక్కటే.
- ఫారం 6బి: ఆధార్ నంబరు ఇవ్వడానికి. ఇష్టమైతేనే ఇవ్వాలి, ఇవ్వనంత మాత్రాన ఓటు పోదు.

కొత్త ఓటర్లు జనవరి 1 దాకా ఎదురుచూడక్కర్లేదు. ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1. 17 ఏళ్లు నిండితే ముందస్తుగా ఫారం 6 ఇవ్వొచ్చు, 18 నిండిన తర్వాతి అర్హత తేదీకి పేరు చేరుతుంది.

అయితే స్థానిక ఎన్నికలకు ఏ తేదీ నాటి జాబితాను తీసుకుంటారన్నదే కీలకం. ఆంధ్రప్రదేశ్‌లో 2021 పంచాయతీ ఎన్నికలు 2019 నాటి జాబితాతో జరిగాయి. కొత్త జాబితా సిద్ధం కాకపోవడం వల్ల సుమారు 3.6 లక్షల మంది యువ ఓటర్లు ఓటు కోల్పోతున్నారని అప్పట్లో ఎన్నికల సంఘమే చెప్పింది. వాళ్లలో చాలామంది చేయాల్సిందంతా చేసినవాళ్లే. అందుకే నోటిఫికేషన్ వార్త చదివేటప్పుడు పోలింగ్ తేదీతో ఆగకుండా 'ఏ తేదీ నాటి అసెంబ్లీ జాబితా ఆధారంగా' అన్న వాక్యం కోసం వెతకండి.

5. ఫారం 6 నింపేటప్పుడు

ఆన్‌లైన్‌లో నింపినా, బీఎల్‌ఓకు కాగితం ఇచ్చినా విలువ ఒకటే. నాకైతే ఆన్‌లైనే మేలనిపిస్తుంది, ఎందుకంటే రిఫరెన్స్ నంబరు అక్కడికక్కడే చేతికొస్తుంది.

తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడ:

కుటుంబ సభ్యుల గడి. అదే చిరునామాలో ఓటున్న ఒకరి పేరు, బంధుత్వం, కార్డు నంబరు రాయమంటుంది. చాలామంది ఖాళీగా వదిలేస్తారు. ఇది నింపితే మీ పేరు వాళ్ల పక్కనే, అదే భాగంలో చేరే అవకాశం ఎక్కువ. కొత్త కోడలి పేరు వీధికి అవతలి భాగంలో తేలడానికి మొదటి కారణం ఈ ఖాళీయే.

చిరునామా. 'గుడి దగ్గర, ఫలానా కాలనీ' అని రాసి వదిలేయొద్దు. పన్ను రసీదులో ఉన్న ఇంటి నంబరు, వీధి, గ్రామం లేదా పట్టణం, పిన్‌కోడ్ రాయండి. అపార్ట్‌మెంట్ అయితే ఫ్లాట్ నంబరుతో పాటు మున్సిపల్ ఇంటి నంబరు కూడా రాయాలి.

తెలుగు పేరు. ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే తెలుగు అదే వచ్చేస్తుంది, అది తరచూ వంకరగా వస్తుంది. సబ్మిట్ కొట్టేముందు సరిచేయండి. తర్వాత సరిచేయించాలంటే ఫారం 8, మళ్లీ వెయిటింగ్.

అద్దె ఇల్లు. ఒప్పందం రిజిస్టర్ కాలేదని ఆగిపోవద్దు. ఆ చిరునామాతో బ్యాంకు పాస్‌బుక్ లేదా గ్యాస్ బిల్లు ఉన్నా చాలు. ఇంటి ఓనరు అనుమతి పత్రం అడిగే రూలేమీ లేదు.

ఇంతకుముందు వేరే ఊళ్లో ఓటుంటే ఫారం 6 వేయకండి. అది ఫారం 8 పని. ఓటు ఉండీ లేదని ధ్రువీకరించి సంతకం పెట్టడం తప్పుడు ప్రకటన కిందికొస్తుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 1950లోని 31వ సెక్షన్ ప్రకారం దానికి ఏడాది దాకా జైలు, జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

6. దరఖాస్తు ఇచ్చాక ఊరుకోవద్దు

రిఫరెన్స్ నంబరుతో వారానికోసారి స్టేటస్ చూడండి. దరఖాస్తుల జాబితాను అభ్యంతరాల కోసం ఏడు రోజులు బయటపెడతారు, బీఎల్‌ఓ ఇంటికొచ్చి విచారిస్తారు, ఆ తర్వాతే ఈఆర్‌ఓ నిర్ణయం. అంతా సాఫీగా సాగినా కొన్ని వారాలు పడుతుంది. నోటిఫికేషన్ మాట వినబడ్డాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే లెక్క.

బీఎల్‌ఓ వచ్చినప్పుడు ఇంటికి తాళం ఉంటే దరఖాస్తు మూలనపడుతుంది. పగలంతా పనిలో ఉండేవాళ్లు మీ భాగం బీఎల్‌ఓ పేరు, ఫోన్ నంబరు పోర్టల్‌లో చూసి ముందే మాట్లాడుకోండి. వాళ్లలో చాలామంది అంగన్‌వాడీ టీచర్లు, బడి టీచర్లు, సచివాలయ సిబ్బంది. సొంత డ్యూటీ అయ్యాక ఈ పని చేస్తారు. సాయంత్రం ఫోన్ చేస్తే పని త్వరగా అవుతుంది.

తిరస్కరిస్తే కారణం కనిపిస్తుంది. కాగితం సరిపోలేదంటే సరైనది జతచేసి మళ్లీ వేయడమే సులువు. నిర్ణయమే తప్పని మీకు నమ్మకముంటే 15 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారిగా ఉండే కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కుదరకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి.

మీ పేరు మీద ఎవరైనా ఫారం 7 వేస్తే మీకు నోటీసు ఇచ్చి, మీ మాట వినాలి. నోటీసు వస్తే ఆ తేదీన తప్పక వెళ్లండి. వెళ్లకపోతే మీరు అక్కడ ఉండటం లేదన్నదే రుజువైపోతుంది. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఫారం 7 దరఖాస్తులు లక్షల్లో వచ్చిపడి పెద్ద రచ్చయింది. అందుకే ఏడాదికి రెండుసార్లైనా పేరు చూసుకోమంటాను.

7. వార్డు ముసాయిదా జాబితా వచ్చిన రోజే చూడాలి

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సిన మెట్టు ఇదే. జనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే.

ముసాయిదాను గ్రామ పంచాయతీ ఆఫీసులో, ఎంపీడీఓ ఆఫీసులో అంటిస్తారు. పట్టణాల్లో మున్సిపల్ ఆఫీసులో పెడతారు. గడువు చాలా చిన్నది. తెలంగాణలో 2025 ఆగస్టు 28న పంచాయతీ ముసాయిదా పెట్టి, అభ్యంతరాలకు 30వ తేదీదాకా, అంటే మూడే రోజులు ఇచ్చారు. పని మీద హైదరాబాద్‌లో ఉన్నవాడికి కబురు అందేసరికే గడువు అయిపోతుంది. ఊళ్లో ఉన్న ఒకరికి ముందే చెప్పి పెట్టుకోండి, జాబితా అంటించగానే మీ వీధి పేజీలు ఫొటో తీసి పంపమనండి.

జాబితా ముందు నిలబడ్డాక ఈ వరుసలో చూడండి:

- మీ ఇల్లు ఏ వార్డులో ఉందో ముందు తెలుసుకోండి. పల్లెలో ఏ ఇంటి నంబరు నుంచి ఏ నంబరు దాకా ఏ వార్డో పంచాయతీలో రికార్డు ఉంటుంది. పట్టణంలో నాలుగు దిక్కుల హద్దులతో వార్డుల ప్రకటన ఉంటుంది. పోయినసారి ఇదే వార్డని గుర్తుపెట్టుకున్నది పనికిరాదు.
- ఆ వార్డులో మీ పేరు, మీ ఇంట్లో అందరి పేర్లు.
- లేకపోతే అటూ ఇటూ ఉన్న వార్డులు. పది చోట్లలో తొమ్మిది చోట్ల పక్క వార్డులోనే దొరుకుతుంది.
- మీ ఇంటి నంబరు మీద ముక్కూమొహం తెలియని పేర్లున్నాయా? ఉంటే రాసుకోండి.
- ఇంట్లో చనిపోయినవాళ్ల పేర్లు ఇంకా ఉన్నాయా? మనసొప్పకపోయినా తీయించడమే మంచిది. దొంగ ఓటుకు తొలి దారి ఆ పేరే.

ఇంట్లో అందరూ ఒకే వార్డులో ఉండాలన్నది ఇక్కడ అసలు పరీక్ష. గ్రామ పంచాయతీలో 5 నుంచి 21 దాకా వార్డులుంటాయి. చిన్న ఊళ్లో వార్డు సభ్యుడి గెలుపు ఒకటి రెండు ఓట్ల మీద తేలడం, సమానమైతే చీటీ తీయడం మామూలే. నాలుగు ఓట్ల ఇల్లు రెండుగా చీలితే ఎవరికి లాభమో ఆ వార్డులో పోటీ చేసేవాళ్లకు బాగా తెలుసు. ప్రతి చీలికా కుట్ర అని నేననను. చాలావరకు ఇంటి నంబరు తప్పే కారణం. కానీ అడగనిదే ఎవరూ సరిచేయరు.

హద్దులు మారిన పట్టణాల్లో రెట్టింపు జాగ్రత్త కావాలి. హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీలో 2020 ఎన్నికలు 150 వార్డులకు జరిగాయి. 2025 చివర్లో చుట్టుపక్కల 27 పురపాలికలను కలిపి వార్డులను 300 చేశారు. ఇంట్లోంచి కదలకపోయినా వార్డు మారినవాళ్లు లెక్కలేనంతమంది. పట్టణంలో కలిసిన గ్రామాల్లో ఇంకో చిక్కుంది. అసెంబ్లీ జాబితాలో ఇంకా ఊరి పేరే ఉంటుంది కాబట్టి సర్పంచి ఎన్నిక ఎప్పుడని అడుగుతుంటారు. మీ ఊరు మున్సిపాలిటీలో కలిస్తే మీకు కౌన్సిలర్ ఎన్నికే ఉంటుంది.

8. అభ్యంతరం ఎలా రాయాలి

నోటిమాటగా చెబితే 'చూద్దాం' అంటారు, అంతే. కాగితం మీద రెండు ప్రతులు రాసి, రెండోదాని మీద స్టాంపు, సంతకం, తేదీ వేయించుకోండి. నమూనా ఇది:

"ఎంపీడీఓ గారికి. నేను, నా కుటుంబ సభ్యులు ముగ్గురం ఇంటి నం. ____లో నివసిస్తున్నాము. ____ నియోజకవర్గం, భాగం సంఖ్య ____, వరుస సంఖ్యలు ____లో మా పేర్లు ఉన్నాయి. మా ఇల్లు ____ వార్డు పరిధిలో ఉంది. ముసాయిదా జాబితాలో నా పేరు ____ వార్డులో, వరుస సంఖ్య ____ వద్ద నమోదైంది. దానిని ____ వార్డుకు మార్చవలసిందిగా కోరుతున్నాను. జతపరచినవి: ఇంటి పన్ను రసీదు, ఓటర్ కార్డుల నకళ్లు."

పట్టణంలో అయితే మున్సిపల్ కమిషనర్ గారికి అని మార్చుకోండి. తెలంగాణ పల్లెల్లో ఈ అభ్యంతరాలను పరిష్కరించేది జిల్లా పంచాయతీ అధికారి, అంటే డీపీఓ. కాబట్టి మండలంలో ఇచ్చి ఊరుకోకుండా, పరిష్కారానికి పెట్టిన రోజున డీపీఓ ఆఫీసుకు చేరిందో లేదో కనుక్కోండి.

వీధి వీధంతా తప్పుగా పడితే ఎవరికివారు రాయండి. ఒకే కాగితం మీద నలభై సంతకాలు పెట్టిస్తే అది మహజరులా కనిపిస్తుంది, ఒక్కో పేరు సరిచూసి మార్చే పని వెనకబడుతుంది. నలభై కాగితాలు, నలభై రసీదులు ఉంటే తప్పించుకోలేరు.

ఈ దశలో చాలామంది 'నా పేరు కొత్తగా చేర్చండి' అని రాస్తారు. అసెంబ్లీ జాబితాలో లేని పేరును వార్డు జాబితాలో నేరుగా చేర్చరు. ముందు ఫారం 6. అసెంబ్లీ జాబితాలో తర్వాత చేరినవారిని అనుబంధ జాబితాగా కలిపే ఏర్పాటు ఉంటుంది గానీ, నోటిఫికేషన్‌తో దానికీ కత్తెర పడుతుంది.

తుది జాబితా వచ్చాక మళ్లీ చూడండి. మార్పు ఒప్పుకున్నామని చెప్పి ప్రింటులో పాతదే వచ్చిన సందర్భాలుంటాయి.

9. ఊళ్లో ఓటా, పట్నంలో ఓటా?

ఒక్కరికి ఒక్కచోటే ఓటు. రెండు నియోజకవర్గాల్లో గానీ, ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు గానీ పేరుండకూడదని 1950 చట్టంలోని 17, 18 సెక్షన్లు చెబుతాయి. సర్పంచి ఎన్నికకు ఊళ్లో, కార్పొరేటర్ ఎన్నికకు నగరంలో వేస్తామంటే కుదరదు.

ఊళ్లో ఇల్లుంది కదా అంటారు. ఇల్లు లేదా భూమి ఉన్నంత మాత్రాన అక్కడ నివాసమున్నట్టు కాదు. అదే చట్టంలోని 20వ సెక్షన్ ఈ మాట స్పష్టంగా చెబుతుంది. ఊళ్లో కాపురముంటూ పనికోసం కొన్నాళ్లు వెళ్లొచ్చేవాళ్లది వేరే సంగతి, వాళ్ల ఓటు ఊళ్లోనే ఉండొచ్చు. భివండీకో సూరత్‌కో మగ్గాల పనికి వెళ్లి అక్కడే కుటుంబంతో స్థిరపడినవాళ్లు మాత్రం ఒకటి ఎంచుకోవాలి. ఓటు మార్చుకోవాలనుకుంటే ఫారం 8 చాలు, పాతచోట పేరు తీసే పని అధికారులే చూస్తారు. అయినా రెండు వారాలాగి పాత జాబితాలో పేరు పోయిందో లేదో చూసుకోవడం మీకే మంచిది.

హాస్టల్ విద్యార్థులు హాస్టల్ చిరునామాతో నమోదు చేసుకోవచ్చు, ఇంటి దగ్గరే ఉంచుకోవచ్చు. కాలేజీ బోనఫైడ్ పత్రం జతచేయాలి.

10. పోలింగ్ కేంద్రం కనుక్కోవడం

పంచాయతీ ఎన్నికల్లో సాధారణంగా వార్డుకో పోలింగ్ కేంద్రం ఉంటుంది. ఒకే బడిలో నాలుగు గదులు, నాలుగు వార్డులు అన్నమాట. బడి తెలిస్తే సరిపోదు, గది తెలియాలి. మండల, జిల్లా పరిషత్ సభ్యుల (ఎంపీటీసీ, జడ్పీటీసీ) ఎన్నికలకు కేంద్రాలు వేరుగా ఉండొచ్చు. ఆర్నెల్ల కింద వేసిన చోటే అనుకోవద్దు.

- రాష్ట్ర ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో కార్డు నంబరుతో వెతకండి. కేంద్ర సంఘం పోర్టల్‌లో వెతికితే అసెంబ్లీ కేంద్రం వస్తుంది.
- ఓటరు స్లిప్పులు ఇంటికి పంచుతారు. రాకపోతే పంచాయతీ లేదా మున్సిపల్ ఆఫీసులో అడగండి.
- స్లిప్పు మీద వార్డు నంబరు, వరుస సంఖ్య తుది జాబితాతో సరిపోతున్నాయో లేదో చూడండి. పార్టీలవాళ్లిచ్చే చీటీల్లో తప్పులుంటాయి.
- పెద్దవాళ్లుంటే కేంద్రానికి ర్యాంపు ఉందో, గది మేడ మీద ఉందో ముందురోజే చూసుకోండి. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో 85 ఏళ్లు దాటినవారికి ఉండే ఇంటి నుంచే ఓటు సౌకర్యం ఇక్కడా ఉంటుందని లెక్కవేసుకోకండి.

11. పోలింగ్ రోజు

సమయం ముందే చూసుకోండి. 2025 డిసెంబరులో తెలంగాణ పంచాయతీ పోలింగ్ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 గంట దాకే, 2 గంటలకు లెక్కింపు మొదలు. 'భోజనం చేసి వెళ్దాం' అనుకున్నవాళ్లకు గేటు మూసేసి ఉంటుంది. గడువు సమయానికి వరుసలో నిలబడి ఉన్నవాళ్లకు మాత్రం ఓటు వేయనిస్తారు.

తీసుకెళ్లాల్సినవి:

- ఓటర్ కార్డు, లేదా ఎన్నికల సంఘం ప్రకటించిన ఇతర గుర్తింపు కార్డుల్లో ఒకటి. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ వంటివి.
- కార్డు ఫోన్‌లో ఉంది కదా అనుకోవద్దు. ఫోన్ లోపలికి రానివ్వరు. ప్రింట్ తీసుకోండి.
- స్లిప్పు వెతుక్కోవడానికి మాత్రమే. అది గుర్తింపు కార్డు కాదు.

పంచాయతీలో మీకు రెండు బ్యాలెట్ పత్రాలిస్తారు: సర్పంచికి గులాబీ రంగు, వార్డు సభ్యుడికి తెలుపు. సర్పంచి, వార్డు సభ్యుల ఎన్నికలు పార్టీ గుర్తులతో జరగవు కాబట్టి, మీ అభ్యర్థి గుర్తేమిటో బయటే గుర్తుంచుకోండి. రెండు పత్రాల మీద వేర్వేరు గుర్తులుంటాయి.

ఓటు చెల్లకుండా పోయేది ఇలా:

- ముద్ర ఇద్దరు అభ్యర్థుల మధ్య గీత మీద పడి ఎవరికో తేలకపోవడం.
- ఇద్దరికి ముద్ర వేయడం.
- ముద్ర బదులు పెన్నుతో టిక్కు, వేలిముద్ర, సంతకం. పంచాయతీల్లో ఇది ఇప్పటికీ జరుగుతోంది.

ముద్ర గుర్తు ఉన్న గడి మధ్యలో వేయండి. అధికారి పత్రం ఇచ్చేటప్పుడే మడతలు చూపిస్తారు, అవే మడతల్లో మడవండి. ఇష్టమొచ్చినట్టు మడిస్తే తడి ఇంకు ఇంకో గుర్తుకు అంటుతుంది.

లోపలికి వెళ్లేసరికి మీ ఓటు ఎవరో వేసేశారని చెబితే గొడవపడి బయటికి రాకండి. ప్రిసైడింగ్ అధికారిని 'టెండర్ ఓటు' అడగండి. మీరే ఆ ఓటరని రుజువైతే పత్రం ఇస్తారు. దాన్ని పెట్టెలో వేయకుండా విడిగా కవరులో భద్రపరుస్తారు. అది మామూలు లెక్కింపులోకి రాదు. కానీ ఫలితం మీద కోర్టుకు వెళ్లే పరిస్థితి వస్తే, మీ పేరు మీద దొంగ ఓటు పడిందనడానికి ఆ కవరే ఆధారం.

జాబితాలో పేరే లేకపోతే ఆ రోజు ఏ అధికారీ చేయగలిగింది లేదు, చేతిలో కార్డున్నా సరే. ఆ సాయంత్రమే పోర్టల్ తెరిచి, అసెంబ్లీ జాబితాలో పేరుందో లేదో మూడో మెట్టు ప్రకారం చూసుకోండి. అక్కడా లేకపోతే మర్నాడే ఫారం 6 వేయండి, తర్వాత వచ్చే ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికకైనా అందొచ్చు.